నల్లమల నడకకు మూట కట్టేముందు

మాఘమాసం సగం దాటిందంటే ఆత్మకూరు నుంచి వెంకటాపురం పోయే దారి జనంతో నిండిపోతుంది. భుజాన సంచి, చేతిలో కర్ర, నోట మల్లన్న పేరు. వీరిలో ఏటేటా కాలినడకన శ్రీశైలం పోయేవారు కొందరు. ఈ ఏడే తొలిసారి అడవి మొహం చూసేవారు కూడా తక్కువేమీ కాదు. ఎవరు పాతవారో, ఎవరు కొత్తవారో కనిపెట్టడం చాలా సులువు. మూట చూస్తే చాలు.

పాతవారి మూట చిన్నది. కొత్తవారి మూట పెళ్లికి పోతున్నట్టు వుంటుంది. మూడు జతల బట్టలు, బొంత, దిండు, స్టీలు టిఫిన్ క్యారియరు, ఇంట్లోవారు ప్రేమకొద్దీ కట్టిచ్చిన అయిదారు రకాల తినుబండారాలు, పైగా చంకన ఒక చేతిసంచి. నాగలూటి దాటి మెట్లు ఎక్కేసరికి దిండు బరువవుతుంది. పెద్దచెరువు చేరేసరికి బొంత బరువవుతుంది. మరునాడు భీముని కొలను లోయలోకి దిగి, ఎదురుగా నిలువుగా లేచిన కొండను చూసేసరికి ఒంటిమీద చొక్కా కూడా బరువే అనిపిస్తుంది. అక్కడ కూలబడినవారిని ఎత్తుకుపోవడానికి బండి రాదు. జీపు రాదు. నలుగురు మనుషులు మోయవలసిందే.

వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సాగే ఈ దారి సుమారు 40 కిలోమీటర్లు. రోజూ చేనికి, చెరువుకి నడిచే పల్లె జనానికి ఇదొక లెక్కా అనిపించవచ్చు. చదును నేల అయితే నిజంగానే లెక్క కాదు. ఇక్కడ నేల చదునుగా వుండదు. నాగలూటిలో వీరభద్రస్వామి గుడి దాటాక ఎక్కుడు. ఆ తర్వాత చాలాదూరం అడవి బాట. మళ్లీ లోయలోకి దిగుడు, వెంటనే కైలాసద్వారానికి మెట్లెక్కుడు. ఎక్కేటప్పుడు ఊపిరి పరీక్ష, దిగేటప్పుడు మోకాళ్ల పరీక్ష. తెలిసినవారు ఎక్కుడు కన్నా దిగుడుకే ఎక్కువ భయపడతారు.

ఘాట్ రోడ్డు పడకముందు శ్రీశైలం చేరాలంటే నడకే గతి. 14వ శతాబ్దంలో రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించినట్టు చరిత్ర చెబుతోంది. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలం చూసుకునే ముందుకు వెళ్లారు. ఆయన వెంట డేరాలు, పల్లకీ, బోయీలు, పెద్ద పరివారం. డేరా లేని రైతుకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ గొంగడే డేరా, చెట్టే దూలం.

ఇప్పుడు ఈ అడవి పులుల రక్షిత ప్రాంతం. 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. కాబట్టి మనసు పుట్టినప్పుడు మూట కట్టుకుని పోవడానికి లేదు. శివరాత్రికి, ఉగాదికి అటవీశాఖ అనుమతించిన రోజుల్లోనే పోవాలి. ఆ తేదీలు ముందుగా కనుక్కోకుండా ఊరి నుంచి కదలవద్దు.

నెల ముందే కాళ్లకు పని

నడిచేవి కాళ్లు. ఈ ముక్క కొత్తవారికి గుర్తుకువచ్చేది రెండోరోజు పొద్దున, అరికాళ్లలో బొబ్బలు లేచిన తర్వాత.

ఎక్కువ మంది చేసే పొరపాటు యాత్ర కోసం కొత్త బూట్లు కొనడం. ఆత్మకూరు బజారులో కొని, వెంకటాపురంలో తొడుక్కుని బయలుదేరేవారు వున్నారు. కొత్త బూటు గట్టిగా వుంటుంది. మడమ దగ్గర, బొటనవేలి పక్కన ఒరుస్తుంది. పదిమైళ్లు పోకముందే బొబ్బ సిద్ధం. కొనాలనుకుంటే నెల ముందే కొని, రోజూ తొడుక్కుని చేనికి పోయి రావాలి. పాదం కన్నా ఒక అరఅంగుళం పొడవు ఎక్కువ వున్నదే తీసుకోవాలి. దిగుడులో వేళ్లు ముందుకు తోసుకువచ్చి బూటు కొనకు కొట్టుకుంటాయి. ఆ చోటు లేకపోతే గోళ్లు నల్లబడి వూడిపోతాయి. గోళ్లు కూడా బయలుదేరే వారం ముందే కత్తిరించుకోవాలి. ముందురోజు కత్తిరిస్తే చివుళ్లు నొప్పి పెడతాయి.

హవాయి చెప్పులు మెట్లమీద పనికిరావు. నీళ్లు పడితే జారతాయి, ఉంగటం తెగితే అడవిలో కుట్టేవారు లేరు. వెనక పట్టీ వున్న చెప్పులు మేలు. నూలు మేజోళ్లు రెండు జతలు వుండాలి. మధ్యాహ్నం ఆగినచోట తడిసిన జత విప్పి సంచికి కట్టి ఆరబెట్టుకోవాలి, పొడి జత వేసుకోవాలి. బొబ్బలు లేవడానికి చెమటే సగం కారణం.

పాదం మీద ఎక్కడైనా మంట అనిపిస్తే అక్కడే, ఆ క్షణమే ఆగాలి. జట్టు ముందుకు పోతుందని మొహమాటపడి నడిస్తే ఆ మంటే గంటలో బొబ్బ అవుతుంది. మంట పుట్టినచోట అంటుకునే పట్టీ వేస్తే సరిపోతుంది. బొబ్బ లేచిందా, దాని తోలు ఒలవరాదు. ఆ తోలే లోపలి పుండుకు మూత. తొడలు ఒరుసుకునేవారు పొద్దున్నే కాస్త కొబ్బరినూనె రాసుకుంటే సాయంత్రం సుఖపడతారు. ఇది సిగ్గుపడి ఎవరూ చెప్పరు గానీ పంచెకట్టు వాళ్లను పడేసేది ఎక్కువగా ఇదే.

వట్టికాళ్లతో నడుస్తామని మొక్కుకున్నవారు వున్నారు. వారు మూడు వారాల ముందునుంచే రోజూ కొంతదూరం రాతినేల మీద నడిచి అరికాలు గట్టిపరచుకోవాలి. మధ్యాహ్నం బండ కాలిపోతుంది కాబట్టి తెల్లవారుజామున, పొద్దు వాలిన తర్వాత మాత్రమే నడిచేట్టు లెక్క వేసుకోవాలి. షుగరు జబ్బు వున్నవారు మాత్రం వట్టికాళ్లతో నడవరాదు. చాలామందికి ఈ జబ్బులో పాదాల స్పర్శ తగ్గుతుంది. ముల్లు దిగినా తెలియదు. తెలిసేసరికి పుండు ముదిరి కాలు తీసేసేదాకా పోవచ్చు.

మూట లెక్క

మనిషి తన బరువులో ఆరోవంతు మించి మోస్తూ కొండ ఎక్కడం కష్టం. అరవై కిలోల మనిషికి పది కిలోలు అంటే అది చివరి హద్దు. తొలిసారి పోయేవారు ఎనిమిది కిలోలకు కట్టడి చేసుకోవడం క్షేమం. మూట కట్టిన తర్వాత కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడాలి. కళ్లతో అంచనా వేస్తే ప్రతి మూటా తేలికగానే వుంటుంది.

ఎనిమిది కిలోల్లో మూడు కిలోలు నీళ్లకే పోతాయి. లీటరు నీళ్లు కిలో బరువు, ఇందులో బేరం లేదు. తిండికి రెండు కిలోలు. పరుపు, కప్పుకునేది కలిపి రెండు కిలోలు. మిగిలిన కిలోలో బట్టలు, మందులు, బ్యాటరీ లైటు, అన్నీ సర్దుకోవాలి. ఈ లెక్క ముందు పెట్టుకుంటే దిండు, టిఫిన్ క్యారియరు వాటంతట అవే ఇంటి దగ్గర వుండిపోతాయి.

తిండి విషయంలో ఈ సీమవారు అదృష్టవంతులు. ఎండబెట్టిన జొన్నరొట్టె వారం వున్నా చెడదు. బరువుండదు. దాంట్లోకి శనగల పొడి, నువ్వుల పొడి, కాస్త ఉల్లిగడ్డ. బొరుగులు, వేయించిన శెనక్కాయ విత్తనాలు, బెల్లం కలిపి గుడ్డ సంచిలో పోసుకుంటే నడుస్తూనే తినవచ్చు. పులిహోర మొదటి పూటకు బాగుంటుంది, మరునాటికి నమ్మరాదు. పెరుగన్నం ఎండకు మధ్యాహ్నానికే పులిసిపోతుంది. నూనె సరుకు ఎక్కువ తింటే దాహం ఎక్కువ, నీళ్లు తక్కువ.

దాతలు దారిపొడవునా అన్నదానం చేస్తున్నారు, మజ్జిగ ఇస్తున్నారు. వారి పుణ్యం కొద్దీ ఎందరో కడుపునిండా తింటున్నారు. అయితే అన్నం దొరుకుతుందిలే అని వుత్త చేతులతో దిగేవారు ఏటేటా పెరుగుతున్నారు. ఇది మంచిది కాదు. జనం విరగబడినరోజు వంట అయిపోతుంది, వరుస కదలదు. శిబిరానికి శిబిరానికి మధ్య చీకటి పడితే ఆకలి ఆగదు. సంచిలో రెండు రొట్టెలు వున్నవాడు శిబిరం దగ్గర తిన్నా తినకపోయినా నిబ్బరంగా వుంటాడు. మొదటిసారి పోయేవారు అడవిలో రెండు రాత్రులు పడతాయనే లెక్కతోనే సద్ది కట్టుకోవాలి. ఒక రాత్రికే చేరితే మిగిలింది పక్కవారికి పెట్టవచ్చు.

శివరాత్రి నాటికి పగలు ఎండ, రాత్రి చలి. ఆ చలి గాలిలోంచి కన్నా నేలలోంచే ఎక్కువ వస్తుంది. పైన రెండు దుప్పట్లు కప్పుకుని కింద ఏమీ పరచకపోతే వెన్ను జివ్వుమంటుంది, నిద్ర రాదు. ఎరువుల సంచులు విప్పి కుట్టిన పట్ట ఒకటి ప్రతి రైతు ఇంట్లోనూ వుంటుంది. దాన్ని కడిగి ఆరబెట్టి మనిషి పొడవుకు కత్తిరించుకుంటే అదే పరుపు. తేమ పైకి రాదు, బరువు లేదు, పైసా ఖర్చు లేదు. దానిపైన ఒక దుప్పటి. గొంగడి వెచ్చగానే వుంటుంది గానీ బరువు. ఇద్దరు కలిసి ఒకటి తీసుకుని వంతులవారీగా మోసుకుంటే సరిపోతుంది.

శివరాత్రి బహుళ చతుర్దశి. ఉగాది అమావాస్య మరునాడు. అంటే ఈ రెండు యాత్రలూ చీకటి రాత్రుల్లోనే వస్తాయి. వెన్నెల వుంటుందిలే అనుకోవడానికి వీల్లేదు. సెల్‌ఫోన్ లైటును నమ్ముకున్నవారు మొదటి రాత్రికే ఛార్జింగు అయిపోయి నిలబడతారు. పైగా అడవిలో చాలాచోట్ల సిగ్నల్ కోసం వెతుక్కుని వెతుక్కుని ఫోను తొందరగా ఖాళీ అవుతుంది. విడిగా ఒక బ్యాటరీ లైటు వుండాలి. ఫోను ఆపివేసి అవసరానికి దాచుకోవాలి. ఇంటివారి ఫోను నెంబరు, ఊరి పేరు, వేసుకునే మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకుంటే, మాట్లాడలేని స్థితిలో కాగితమే మాట్లాడుతుంది.

నీళ్ల దగ్గర పిసినారితనం పనికిరాదు

వెనకటివారు సొరబుర్రలో నీళ్లు నింపుకుని నడిచేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ సీసాలు వచ్చాయి, తాగి విసిరేసిన సీసాలు పొదలకు వేలాడుతున్నాయి. మూత గట్టిగా వుండే సీసాలు రెండు ఇంటినుంచే తీసుకుపోయి, నీళ్లు దొరికిన ప్రతిచోటా నింపుకోవడం అన్నివిధాలా మంచిది.

ఎండలో కొండ ఎక్కే మనిషి ఒంట్లోంచి గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. నీళ్లు అయిపోతాయేమోనని దాచుకుని దాచుకుని పడిపోయినవారి సీసాలో సగం నీళ్లు మిగిలి వుండడం వింత. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతూనే వుండాలి. వట్టి నీళ్లే కాదు, చెమటతో పోయిన ఉప్పు కూడా తిరిగి రావాలి. మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో వేసుకోవాలి. అవి లేకుంటే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు అంతకు మించితే మేలుకు బదులు కీడు.

జట్టులో ఒకరు ఉన్నట్టుండి తడబడి మాట్లాడుతున్నా, ఎండలో ఒళ్లు కాలిపోతూ వున్నా, కళ్లు తేలవేస్తున్నా అది వడదెబ్బ. తెలివిలో లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా తడిపి, తువాలుతో విసురుతూ వెంటనే దగ్గరి వైద్య శిబిరానికి మోసుకుపోవాలి. ఇక్కడ నీడ దొరకడం కూడా అంత తేలిక కాదని ముందే తెలుసుకోవాలి. నల్లమల ఆకు రాల్చే అడవి. శివరాత్రి, ఉగాది నాటికి చాలా చెట్లు మోడులై నిలబడతాయి. పదకొండు దాటితే నడక ఆపి, మూడున్నర నాలుగుకు మళ్లీ ఎత్తుకోవాలి. అందుకే తెల్లవారుజామున నాలుగింటికే లేవాలి. ఆలస్యంగా లేచే అలవాటు వున్నవారిని జట్టులో చేర్చుకునే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ముందుగా ఒక రాత్రి చేలో

పల్లెవారికి ఆరుబయట పడుకోవడం కొత్త కాదు. పంట కాపలాకు మంచె మీద, నూర్పిళ్లప్పుడు కళ్లంలో ఎన్నో రాత్రులు గడిపివుంటారు. అయితే కళ్లంలో పడుకున్నవాడికి ఇల్లు కూతవేటు దూరం. ఏదన్నా మరిచిపోతే పోయి తెచ్చుకుంటాడు. అడవిలో మరిచిపోయింది మరిచిపోయినట్టే.

కాబట్టి యాత్రకు పది పన్నెండు రోజుల ముందు జట్టంతా కలిసి ఒకసారి పరీక్ష పెట్టుకోవాలి. అడవికి తీసుకుపోదలచిన మూటనే, అదే బరువుతో ఎత్తుకుని, అవే చెప్పులతో రెండుమూడు గంటలు నడిచి ఎవరిదైనా చేనికి చేరాలి. దారిలో గుట్టవుంటే గుట్ట ఎక్కి దిగాలి. ఆ రాత్రి ఇంటికి కబురంపకుండా మూటలో వున్నదే తిని, మూటలో వున్నదే పరుచుకుని పడుకోవాలి. పొద్దున లేచి అదే మూటతో తిరిగి రావాలి. ఈ ఒక్క రాత్రిలో పట్ట చాలలేదని, సంచి పట్టీ భుజం కోస్తోందని, లైటు పనిచేయలేదని, ఫలానాయనకు మోకాలు పట్టేసిందని అన్నీ తెలిసిపోతాయి. తెచ్చుకుని వాడనివి ఏవో కూడా తేలుతాయి. వాటిని తీసేయాలి. మందులు, పట్టీలు మాత్రం వాడకపోయినా తీయరాదు.

భార్యాపిల్లలతో పోయేవారికి ఈ పరీక్ష మరీ అవసరం. పదేళ్లలోపు పిల్లలు మొదటి అయిదారు కిలోమీటర్లు పరుగెత్తుతారు, తర్వాత ఎత్తుకోమంటారు. మూట, పిల్లాడు రెండూ మోయడం ఎవరివల్లా కాదు. స్త్రీలకు చీర కన్నా చుడీదారు నడకకు అనుకూలం. చీరతోనే నడిచేవారు పాత నూలుచీర ఒకటి అదనంగా పెట్టుకుంటే మంచిది, జనం మధ్య బట్టలు మార్చుకోవడానికి నలుగురు పట్టుకుంటే అదే మరుగు.

బీడీ ముక్కతో పుట్టే ముప్పు

రాలిన ఆకు అడవంతా మోకాటిలోతు ఎండి వుండే రోజులివి. ఒక బీడీ ముక్క చాలు. చలిమంట వేసుకుని ఆర్పకుండా కదిలిపోయినా అంతే. గాలి తోడైతే మంట మనిషి కన్నా వేగంగా కొండ ఎక్కుతుంది, దారిలో వేలమంది వుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో నిప్పుపెట్టడం, మండే నిప్పును వదిలిపోవడం నేరం. వంట సామాను, స్టవ్వు ఇంటి దగ్గరే వదలాలి. జొన్నరొట్టెకు పొయ్యి అక్కరలేదు కదా.

జంతువుల భయం గురించి కొత్తవారు ఎక్కువగా అడుగుతారు. పులి జనసమ్మర్దంలోకి రాదు. జాగ్రత్త పడవలసింది ఎలుగుబంటితో. అది హఠాత్తుగా ఎదురైతే బెదిరి మీదపడుతుంది. చీకట్లో ఒంటరిగా బాట వదిలి పక్కకు పోరాదు. కాలకృత్యాలకైనా ఇద్దరు కలిసి, లైటుతో, మాట్లాడుకుంటూ పోవాలి. నీటి వనరుకు దూరంగా పోవాలని వేరే చెప్పనక్కరలేదు, అదే నీళ్లు వెనక వచ్చేవారు తాగుతారు. కొమ్మలకు, బండలకు వేలాడే పెద్ద తేనెపట్టు కనిపిస్తే రాయి విసరడం, పొగ పెట్టడం చేస్తే జట్టంతా నష్టపోతుంది. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. కరిచిన అవయవం కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆస్పత్రికి చేర్చాలి. పడుకునేముందు పట్ట కింద, పొద్దున బూటు తొడిగేముందు బూటు లోపల దులిపి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. తేలు దాక్కునేది అక్కడే.

పెద్దచెరువు దగ్గర చెంచుగూడెం వుంది. బాట గురించి, నీళ్ల గురించి సందేహం వస్తే చెంచువారిని అడగడం కన్నా మంచి మార్గం లేదు. అడ్డదారి అని తోటి యాత్రికుడు చెప్పింది నమ్మి తప్పిపోయేకన్నా అడిగి నడవడం మేలు.

ఎవరు ఆగాలి

గుండె జబ్బు వున్నవారు, అదుపులో లేని బీపీ వున్నవారు, నిండు గర్భిణులు ఈ దారిన పోరాదు. షుగరుకు మందులు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడిగి మోతాదు తెలుసుకుని, జేబులో చక్కెరో బెల్లమో పెట్టుకునే కదలాలి. ఖాళీ కడుపుతో ఎక్కువ నడిస్తే షుగరు పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. ఉపవాసంతో నడుస్తామనే పట్టుదల కూడా ఇక్కడ ప్రమాదమే. మొక్కు తీర్చుకోవాలని పట్టుబట్టే పెద్దవారిని బస్సులో తీసుకుపోయి హఠకేశ్వరం దగ్గర దింపి, అక్కడినుంచి నెమ్మదిగా నడిపించవచ్చు. మల్లన్న కిలోమీటర్లు లెక్కపెట్టే దేవుడు కాడు.

జట్టు అయిదారుగురు వుంటే బాగుంటుంది. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టాలి, బలమైనవారు వెనక రావాలి. చాలా జట్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. కుర్రవాళ్లు ముందు పరుగెత్తి నీడలో కూర్చుని, ముసలాయన రొప్పుతూ చేరేసరికి తాము లేచి మళ్లీ నడుస్తారు. ఆయనకు విశ్రాంతే దొరకదు.

కైలాసద్వారం చేరితే కష్టం తీరినట్టే. అక్కడినుంచి హఠకేశ్వరం మీదుగా శ్రీశైలానికి మంచి దారి. తిరుగు ప్రయాణం దాదాపు అందరూ బస్సులోనే చేస్తారు. అడవి గుండా 40 కిలోమీటర్లు నడిచి పోయినవారు ఆత్మకూరుకు తిరిగి రావడానికి దోర్నాల మీదుగా చుట్టూ వంద కిలోమీటర్లకు పైగా బస్సులో కూర్చోవాలి. శివరాత్రి మరునాడు ఆ బస్సుల్లో నిలబడే చోటు కూడా కష్టం. బస్సు ఛార్జీ డబ్బులు మొదటిరోజే వేరే గుడ్డలో ముడివేసి, దర్శనం అయ్యేదాకా విప్పకుండా వుంచుకోవాలి. కాళ్లు వాచి బూట్లు పట్టవు కాబట్టి, సంచిలో పాత చెప్పుల జత ఒకటి బస్సు కోసం దాచుకునే పాత యాత్రికులు కూడా వున్నారు. వారి ఎనిమిది కిలోల లెక్కలో ఆ జతకు ఎప్పుడూ చోటు వుంటుంది.